నాణెం మీద ‘కాబోయే కాన్సుల్’: రోమన్ల అత్యున్నత పదవి గురించి ఒక సందేహం

నాణేలపెట్టె:
సభ్యులందరికీ నమస్కారం. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల గురించి చదువుతూ ఒక చోట ఆగిపోయాను. దక్షిణ భారతదేశంలో దొరికే, తొలి రోమన్ చక్రవర్తి ఆగస్టస్ కాలపు వెండి దీనారాల్లో ఎక్కువగా కనిపించే రకం ఒకటుంది. ముందువైపు ఆగస్టస్ తల ఉంటుంది. వెనుకవైపు ఇద్దరు యువకులు డాళ్లు, ఈటెలు దగ్గర పెట్టుకొని నిలబడి ఉంటారు. వారు ఆయన మనవలు గేయస్, లూషియస్. ఆయనే వారిని కొడుకులుగా దత్తత తీసుకున్నాడు. అంచున ఉన్న లాటిన్ రాతలో ‘కాస్ డెసిగ్’ అన్న కుదింపు ఉంది. ‘కాన్సుల్ పదవికి ఎన్నికై, ఇంకా బాధ్యత స్వీకరించనివారు’ అని దాని అర్థమట. అయితే గేయస్‌కు ఈ హోదా దక్కింది క్రీ.పూ. 5లో, అంటే అతనికి నిండా పదిహేనేళ్ల ప్రాయంలో. కాన్సుల్ అంటే రోములో అత్యున్నత పదవి అని బడిలో చదువుకున్నాం. మీసం మొలవని పిల్లవాడికి ఆ పదవి ఎలా ఇచ్చారు? దానికి వయోపరిమితి ఏదీ లేదా? అసలు కాన్సుల్ అంటే మన ప్రధానమంత్రి వంటివాడేనా?

పాతరాతలు:
చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. ప్రధానమంత్రితో పోల్చకపోవడమే మంచిది, ఎందుకంటే ఆ పోలికలో అసలు విషయం జారిపోతుంది. ప్రధానమంత్రి ఒక్కడే ఉంటాడు. కాన్సుళ్లు ఎప్పుడూ ఇద్దరు, ఇద్దరికీ సమానమైన అధికారం, అదీ ఒక్క ఏడాదికే. ఒకరు తలపెట్టిన పనిని రెండోవారు అడ్డుకుంటే అది అక్కడితో ఆగిపోవలసిందే. సంప్రదాయం ప్రకారం క్రీ.పూ. 509లో రాజును తరిమివేసినప్పుడు, మళ్లీ ఏ ఒక్కడూ రాజు కాకుండా చేసుకున్న ఏర్పాటు ఇది. రాజుకున్న అధికారాన్ని వారు తగ్గించలేదు, దాన్ని రెండుగా పంచి, పన్నెండు నెలల గడువు పెట్టారు.

ఆ అధికారం కంటికి కనిపించేది కూడా. కాన్సుల్ బయటికి వస్తే ముందు పన్నెండుమంది లిక్టర్లు, అంటే అధికార భటులు, కట్టెల మోపులు భుజాన వేసుకొని వరుసగా నడిచేవారు. నగరం వెలుపల, అంటే సైన్యం మీద అధికారం నడిచే చోట, ఆ మోపులో గొడ్డలి కూడా ఉండేది. నగరం సరిహద్దు లోపల మాత్రం గొడ్డలిని తీసివేయాలి, ఎందుకంటే లోపల పౌరుడికి మరణశిక్ష మీద ప్రజలకు మొరపెట్టుకునే హక్కు ఉంది. నగరంలో ఉన్నప్పుడు ఇద్దరు కాన్సుళ్లూ నెలకొకరు చొప్పున మోపుల మర్యాద పంచుకునేవారు.

ఇక ఏడాదికి పేరే వారిది. రోమన్లు రోజువారీ వ్యవహారంలో సంవత్సరాన్ని అంకెతో కాక ‘ఫలానా ఇద్దరు కాన్సుళ్లుగా ఉన్న ఏడు’ అని గుర్తించేవారు. మనకు ప్రభవ, విభవ ఉన్నట్టు వారికి మనుషుల పేర్లు ఉండేవి, కాని అరవైకి ఒకసారి తిరిగి రావు. అంత గౌరవం కోసం ఎంతకైనా తెగించే కుటుంబాలు ఎందుకు ఉండేవో దీనితో కొంత అర్థమవుతుంది.

కృష్ణాతీరం:
వయోపరిమితి సంగతి ఎవరూ చెప్పలేదు. నేనూ అదే అడగాలనుకున్నాను.

లాటిన్‌విద్యార్థి:
వయోపరిమితి ఉంది, అదీ గట్టిగానే. క్రీ.పూ. 180లో విల్లియస్ అనే ట్రిబ్యూన్ (సామాన్య ప్రజల తరఫు అధికారి) తెచ్చిన చట్టం ఒక్కొక్క పదవికి కనీస వయసు నిర్ణయించింది. ఆ తర్వాత క్రీ.పూ. 81 ప్రాంతంలో నియంత సుల్లా ఆ నిచ్చెనను ఇంకా బిగించాడు. మొదటి మెట్టు క్వెస్టర్, అంటే ఖజానా లెక్కలు చూసే అధికారి. దానికి ముప్ఫై ఏళ్లు నిండాలి. న్యాయవ్యవహారాలు, ఒక్కొక్కసారి సైన్యాలు నడిపే ప్రేటర్ పదవికి ముప్ఫైతొమ్మిది. కాన్సుల్‌కు నలభైరెండు. మధ్యలో ఈడైల్ అనే పదవి ఒకటుంది. వీధులు, అంగళ్లు, గుళ్లు, పండుగ ఆటలు దాని బాధ్యత. అది తప్పనిసరి కాదు, కాని ఆటలు ఘనంగా జరిపినవాడిని ఓటరు మరచిపోడు కాబట్టి సొంత డబ్బు పోసి మరీ చేసేవారు.

సుల్లా తర్వాత ఏడాదికి క్వెస్టర్లు ఇరవైమంది, ప్రేటర్లు ఎనిమిదిమంది, కాన్సుళ్లు ఇద్దరు. కింది మెట్టు ఎక్కిన ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి పై మెట్టు అందదన్నమాట. ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటే రోమన్ రాజకీయాల్లోని పగలు, పొత్తులు, అప్పులు అన్నీ తేలికగా అర్థమవుతాయి.

పడ్డ కష్టానికి ఉదాహరణగా మహావక్త సిసెరోను తీసుకోండి. అర్పీనం అనే చిన్న ఊరివాడు, అతని వంశంలో అంతకుముందు ఎవరూ కాన్సుల్ కాలేదు. అటువంటివాడిని రోమన్లు ‘కొత్త మనిషి’ అనేవారు, ఆ మాటలో మెచ్చుకోలు తక్కువ. అతను క్రీ.పూ. 75లో క్వెస్టర్‌గా సిసిలీ వెళ్లాడు. రోములో ధాన్యం కరువుగా ఉన్న సమయంలో అక్కడి నుంచి పెద్దఎత్తున ధాన్యం పంపించాడు. నగరమంతా తన పేరే చెప్పుకుంటోందని గట్టిగా నమ్మాడు. తిరుగు ప్రయాణంలో సంపన్నులు సేదదీరే పుతియోలీ రేవులో దిగగానే ఒక పెద్దమనిషి ఎదురై, ‘రోము నుంచి ఎప్పుడు బయల్దేరారు? అక్కడ కొత్త సంగతులేమిటి?’ అని అడిగాడు. నేను పనిచేసిన పరగణా నుంచి వస్తున్నానని సిసెరో చెబితే, ‘అవునవును, ఆఫ్రికా నుంచి కదూ’ అన్నాడు. ‘కాదు, సిసిలీ నుంచి’ అని సిసెరో చిరాకు పడుతుంటే, పక్కనున్న మరొకడు అంతా తెలిసినవాడిలా ‘ఈయన సిరాక్యూస్‌లో క్వెస్టర్ అని మీకు తెలియదా?’ అన్నాడట. సిసెరో పనిచేసింది ఆ ద్వీపంలోనే మరో కొసన ఉన్న లిలిబేయంలో. రోము ప్రజల చెవులు మొద్దుబారాయి గాని కళ్లు చురుకైనవని ఆ రోజు తెలుసుకున్నానని, అప్పటి నుంచి వారి కంటి ముందే మసిలానని, ఇదంతా అతనే చాలా ఏళ్ల తర్వాత ఒక కోర్టు వాదనలో నవ్వుతూ చెప్పుకున్నాడు. క్రీ.పూ. 69లో ఈడైల్, 66లో ప్రేటర్, 63లో కాన్సుల్. ప్రతి పదవినీ చట్టం అనుమతించిన మొట్టమొదటి ఏడాదిలోనే గెలిచాడు. ‘తన ఏడాదిలోనే’ గెలిచాడని దానికి ఒక ప్రత్యేకమైన మాట ఉండేది, దాన్ని అతను జీవితాంతం మరచిపోలేదు, ఎదుటివారినీ మరచిపోనివ్వలేదు.

నాణేలపెట్టె:
అయితే సిసెరోకు నలభైరెండేళ్ల వరకు పట్టింది, గేయస్‌కు పదిహేనేళ్లకే చేతికందింది. నా సందేహం తీరకపోగా రెట్టింపయింది.

తీర్పరి:
మీ సందేహానికి వద్దాం గాని, ముందు ఆ నాణెం మీది ‘డెసిగ్’ అనే మాటను తేలికగా దాటవద్దని మనవి. గణరాజ్యం చివరి దశాబ్దాల్లో కాన్సుళ్ల ఎన్నిక సాధారణంగా జూలైలో జరిగేది, కొత్తవారు బాధ్యత తీసుకునేది జనవరి 1న. క్రీ.పూ. 153 నుంచి జనవరి 1 స్థిరపడింది. అంతకు ముందు మార్చి 15న ఏడాది మొదలయ్యేది. స్పెయిన్ యుద్ధానికి కాన్సుల్ త్వరగా బయల్దేరాలని మార్చారు, మన గోడ మీది క్యాలెండరు జనవరి 1న మొదలవడం వెనుక ఆ పాత యుద్ధపు తొందర కూడా ఉందన్నమాట. ఈ జూలైకీ జనవరికీ నడుమ దాదాపు ఐదు నెలలు గెలిచినవాడు ‘కాబోయే కాన్సుల్’. చేతిలో అధికారం లేదు, లిక్టర్లు లేరు. అయినా ఆ హోదాకు బరువుండేది. సెనేట్‌లో, అంటే రోము పెద్దల సభలో, అభిప్రాయం అడిగేటప్పుడు మొదటి పిలుపు అతనికే. క్రీ.పూ. 63 డిసెంబరు 5న ప్రభుత్వాన్ని కూల్చబోయిన కాటిలిన్ తరఫు కుట్రదారులను ఏం చేయాలన్న చర్చలో అధ్యక్షుడు సిసెరో అందరికన్నా ముందు అడిగింది కాబోయే కాన్సుల్ సిలానస్‌నే.

నాకు బాగా నచ్చిన ఉదంతం క్రీ.పూ. 70 నాటిది. సిసిలీని మూడేళ్లు పాలించి దోచుకున్న వెర్రెస్ మీద సిసెరో కేసు నడుపుతున్నాడు. వెర్రెస్ తరఫు న్యాయవాది హోర్టెన్సియస్ మరుసటి ఏటికి కాన్సుల్‌గా గెలిచాడు. ఎన్నిక ముగిసి అందరూ ఇంటికి పోతుంటే, కూరియో అనే మాజీ కాన్సుల్ దారిలో వెర్రెస్‌ను కౌగిలించుకొని, ‘ఈ రోజు ఎన్నికతో నువ్వు నిర్దోషివైనట్టే’ అని నలుగురూ వింటుండగా అభినందించాడట. కేసును జనవరి దాకా ఈడిస్తే చాలునని వారి ఆలోచన, అప్పటికి కాబోయే కాన్సుల్ కాస్తా కాన్సుల్ అవుతాడు కదా. సిసెరో ఆ ఎత్తు కనిపెట్టి, నెలకొద్దీ సాగే ఆనవాయితీ ఉపన్యాసాన్ని మానేసి, నేరుగా సాక్షులను ప్రవేశపెట్టాడు. తీర్పు రాకముందే వెర్రెస్ మసీలియాకు, అంటే నేటి మార్సెయికి, పారిపోయాడు.

అల్పజ్ఞుడు:
అడుగుతున్నందుకు అన్యథా భావించవద్దు. జీతం లేని పదవి కోసం ఇంత పోరాటమా? రోమన్ పదవులకు జీతం లేదని చదివాను.

తీర్పరి:
నిజమే, జీతం లేదు. పదవికి వారి భాషలో ఉన్న మాటకే ‘గౌరవం’ అని అర్థం. ఈ అత్యున్నత గౌరవం కావాలంటే ఆటలు జరిపించాలి, విందులు ఇవ్వాలి, వెంట నడిచే జనాన్ని పోషించాలి. అందుకు చేసిన అప్పు ఎక్కడ తీరుతుందంటే పదవీకాలం ముగిశాక వెళ్లే పరగణాలో. ప్రేటర్, కాన్సుల్ పదవులు చేసినవారిని తర్వాత ఏదో ఒక ప్రాంతానికి పాలకులుగా పంపేవారు. వెర్రెస్ తన మూడేళ్ల సిసిలీ పాలనను పంచుకున్న తీరు ప్రసిద్ధం: ఒక ఏడాది రాబడి తనకు, ఒక ఏడాదిది తన లాయర్లకూ పెద్దలకూ, అన్నింటికన్నా ఫలవంతమైన మూడో ఏడాదిది జడ్జీలకు. ఇది ప్రత్యర్థి అయిన సిసెరో చెప్పిన మాట, కనుక కొంత ఉప్పూ కారం ఉండే ఉంటుంది.

నిజాయితీపరుల కథ కూడా ఏమంత సాఫీగా లేదు. క్రీ.పూ. 51లో సిసెరో తనే, సైప్రస్ కూడా చేరి ఉన్న సిలీషియా పరగణాకు పాలకుడిగా వెళ్లాడు. వడ్డీ ఏడాదికి నూటికి పన్నెండు మించరాదని ప్రకటించాడు. తీరా చూస్తే సైప్రస్‌లోని సలామిస్ పట్టణం చేసిన అప్పు మీద నూటికి నలభైఎనిమిది చొప్పున వడ్డీ అడుగుతున్నారు. అంతకుముందు పాలకుడిచ్చిన గుర్రపు దళంతో వసూలుదారుడు పట్టణసభను ముట్టడిస్తే, లోపల ఐదుగురు సభ్యులు ఆకలితో చనిపోయారు. ఆ డబ్బు అసలు యజమాని ఎవరో తర్వాత తెలిసింది. సద్గుణానికి పెట్టింది పేరని రోము మెచ్చుకునే మార్కస్ బ్రూటస్, సీజర్‌ను పొడిచినవాడు. సిసెరో తన పన్నెండు శాతం మాట మీద నిలబడ్డాడు గాని, ఆ పట్టణానికి తీర్పు మాత్రం ఇవ్వలేదు. తగాదాను తేల్చకుండా తర్వాతివాడి నెత్తిన పెట్టి వచ్చేశాడు. మంచివాడు చేయగలిగింది అంతవరకే.

అల్పజ్ఞుడు:
అయితే ఇది ప్రజాస్వామ్యం ఎలా అవుతుంది? ధనవంతుల ఆట అనడమే సరైనది. ఓట్ల లెక్క చూడండి. కాన్సుళ్లను ఎన్నుకునే సభలో మనిషికొక ఓటు కాదు, వర్గానికొక ఓటు. ‘సెంచురియా’ అనే ఆ వర్గాలు మొత్తం 193. (మన క్రికెట్ సెంచరీకీ దీనికీ తల్లివేరు ఒకటే, అయితే ఇందులో నూరుమంది మాత్రమే ఉంటారనుకోకండి.) గుర్రపు దళం వర్గాలు పద్ధెనిమిది, ఆస్తిపరుల మొదటి తరగతికి ఎనభై. రెండూ కలిపితే 98, మెజారిటీకి కావలసింది 97. కలిగినవారంతా ఒక్క మాట మీద ఉంటే కిందివారి ఓటు అడగనక్కరలేదు. ఆస్తి లేని లక్షలాదిమందిని ఒకే ఒక్క వర్గంలో కుక్కి చిట్టచివర నిలబెట్టారు. ఓటింగ్ తరగతుల వారీగా పైనుంచి కిందికి సాగుతుంది, రెండు స్థానాలకూ మెజారిటీ రాగానే ఆపేస్తారు. పేదవాడు పొద్దున్నే వచ్చి ఎండలో నిలబడి, పేరు పిలవకుండానే ఇంటికి పోయే ఏర్పాటు ఇది. ఆడవారికీ బానిసలకూ అసలే లేదు.

పాతరాతలు:
మీ లెక్క మొదటినాటి ఏర్పాటుకు సరిపోతుంది. క్రీ.పూ. మూడో శతాబ్దిలో సవరణ జరిగి మొదటి తరగతి వర్గాలు డెబ్భైకి తగ్గాయి. అప్పటి నుంచి మెజారిటీ రావాలంటే కనీసం రెండో తరగతి దాకా దిగవలసిందే. అయినా మీ వాదన మూలం కదలదు, అంగీకరిస్తున్నాను. ధనవంతుల మొగ్గు ఉన్నది వాస్తవం.

కాని ‘ధనవంతుల ఆట’ అనేసి ఊరుకుంటే ఒక విషయం మిగిలిపోతుంది. ధనవంతులు ఒక్క మాట మీద ఎన్నడూ లేరు. బరిలో ముగ్గురో నలుగురో కులీనులు ఉంటే వారి బంధుమిత్రుల ఓట్లు చీలేవి, ఆ చీలికలో మధ్యతరగతి ఓటు తూకం మార్చేది. అందుకే అంతటి ఘనులూ వీధిలోకి దిగి బతిమాలుకోవలసి వచ్చేది. అభ్యర్థి సుద్దపొడితో తెల్లగా మెరిసేలా చేసిన ఉత్తరీయం కప్పుకొని, ఫోరంలో, అంటే నగర కూడలిలో, ఎదురైన ప్రతివాడి చేయి పట్టుకొని పలకరించాలి. పేరు గుర్తు లేకపోతే చెవిలో చెప్పడానికి వెనుక ఒక బానిస నడిచేవాడు, ఆ పని కోసమే ప్రత్యేకంగా ఉండేవాడు. క్రీ.పూ. 139 నుంచి ఓటు నోటితో చెప్పక, మైనపు పలక మీద రాసి వేసే రహస్య పద్ధతి వచ్చింది. పెద్దలు దాన్ని అసహ్యించుకున్నారంటేనే దాని విలువ తెలుస్తోంది కదా.

సిసెరో క్రీ.పూ. 65 జూలైలో తన ప్రచారం మొదలుపెట్టి మిత్రుడికి రాసిన ఉత్తరాలు ఉన్నాయి. ఎవరెవరు బరిలో ఉంటారు, ఎవరి బలమెంత అని లెక్కలు వేస్తాడు. ఒక ఉత్తరంలో, కేసులో ఇరుక్కున్న కాటిలిన్ తరఫున వాదిద్దామా అని ఆలోచిస్తున్నానంటాడు. నిర్దోషిగా తేలితే ఎన్నికలో తనతో కలిసి వస్తాడన్న ఆశతో! రెండేళ్లకు అదే కాటిలిన్‌ను రాజ్యద్రోహి అని నగరం నుంచి తరిమాడు. అది చదివినప్పుడు నాకు సిసెరో మీద గౌరవం తగ్గలేదు, కాని ఎన్నికల గురించి జ్ఞానం పెరిగింది.

కృష్ణాతీరం:
ఓటుకు నోటు అప్పుడు కూడా ఉందా?

లాటిన్‌విద్యార్థి:
నోటు లేదు గాని వెండి ఉంది. పంచిపెట్టడానికి వర్గాల వారీగా మధ్యవర్తులు, మాట నిలబడేదాకా సొమ్మును తమ దగ్గర ఉంచుకునే నమ్మకస్తులు వేరే. చట్టం మీద చట్టం చేశారు. క్రీ.పూ. 67లో ఒకటి, 63లో సిసెరో పేరు మీదనే పదేళ్ల బహిష్కరణ విధించే మరొకటి. అవి కాగితం పులులు కాదు. క్రీ.పూ. 66లో గెలిచిన ఇద్దరు కాబోయే కాన్సుళ్లూ లంచం కేసులో దోషులుగా తేలి, బాధ్యత తీసుకోకముందే పదవి పోగొట్టుకున్నారు. వారి మీద కేసు నడిపిన ప్రత్యర్థులే ఆ స్థానాల్లోకి వచ్చారు. క్రీ.పూ. 63లో మరో కాబోయే కాన్సుల్ మురేనా మీద కూడా కేసు పడింది. అతని తరఫున వాదించి విడిపించింది ఎవరనుకుంటున్నారు? ఆ చట్టం చేసిన సిసెరోయే. దేశం కుట్ర అంచున ఉన్నప్పుడు జనవరి 1న ఒక కాన్సుల్ తక్కువైతే ఎలాగన్నది అతని వాదన.

క్రీ.పూ. 54లో సంగతి శ్రుతి మించింది. ఎన్నికల కోసం అప్పులకు ఎంతగా ఎగబడ్డారంటే, రోములో వడ్డీ రేటు జూలై నడుమ ఏడాదికి నూటికి నాలుగు నుంచి ఎనిమిదికి, ఒక్కసారిగా రెట్టింపయింది. ఇద్దరు అభ్యర్థులు అప్పటి కాన్సుళ్లతో రహస్యంగా ఒప్పందం రాసుకున్నారు. తమను గెలిపిస్తే, ఎన్నడూ జరగని ప్రజాసభ తీర్మానం జరిగిందని చెప్పడానికి ముగ్గురు శకున శాస్త్ర పూజారులను, లేని సెనేట్ తీర్మానం ఉందని చెప్పడానికి ఇద్దరు మాజీ కాన్సుళ్లను సాక్షులుగా తెచ్చిపెడతామని అందులో ఉంది. ఆ అభ్యర్థుల్లో ఒకడైన మెమ్మియస్ ఆ ఒప్పందాన్ని తనే సెనేట్‌లో బయటపెట్టాడు. ఎన్నిక వాయిదా మీద వాయిదా పడి, క్రీ.పూ. 53 మొదటి సగమంతా కాన్సుళ్లు లేకుండానే గడిచిపోయింది.

అల్పజ్ఞుడు:
చట్టం చేసినవాడే నిందితుడి తరఫున వాదించడం… నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యం అవసరం లేదనుకుంటాను. సరే, ఒకరినొకరు అడ్డుకునే అధికారం ఎలా పనిచేసింది? ఇద్దరు కాన్సుళ్లు పోట్లాడుకుంటే?

పాతరాతలు:
క్రీ.పూ. 59 దానికి సమాధానం. ఆ ఏడాది కాన్సుళ్లు జూలియస్ సీజర్, బిబ్యులస్. భూముల పంపిణీ చట్టాన్ని అడ్డుకోబోయిన బిబ్యులస్‌ను ఫోరం నుంచి బలవంతంగా నెట్టివేశారు, అతని లిక్టర్ల మోపులు విరగ్గొట్టారు. తర్వాత ఏడాదంతా అతను ఇల్లు కదలకుండా, ఆకాశంలో శకునాలు చూస్తున్నానని ప్రకటనలు పంపుతూ గడిపాడు. శకునాలు చూస్తున్నంతకాలం ప్రజాసభ జరగరాదన్నది శాస్త్రం, దాని ప్రకారం ఆ ఏటి చట్టాలన్నీ చెల్లనివే. సీజర్ లెక్క చేయలేదు. ఊళ్లో హాస్యగాళ్లు ఆ ఏడాదిని ‘సీజర్, బిబ్యులస్ కాన్సుళ్లుగా ఉన్న ఏడు’ అనక, ‘జూలియస్, సీజర్ కాన్సుళ్లుగా ఉన్న ఏడు’ అని పత్రాల మీద రాసేవారు. ఇద్దరుండాలన్న ఏర్పాటు కేవలం చట్టం వల్ల నడవలేదని, ఎదుటివాడు వద్దన్నప్పుడు ఆగాలన్న సిగ్గు ఉన్నంతకాలమే నడిచిందని నా అభిప్రాయం. ఆ సిగ్గు పోయిన ఏడాది ఏదని ఎవరైనా అడిగితే నేను ఇదే చూపిస్తాను.

తీర్పరి:
పాతరాతలు గారితో కొంచెం విభేదిస్తాను. సిగ్గు అంతకు ముందే పోయింది. వయసు, వరుస నియమాలకు తూట్లు పడ్డ తీరు చూడండి. సేనాని మేరియస్ క్రీ.పూ. 104 నుంచి 100 దాకా వరుసగా ఐదేళ్లు కాన్సుల్, జర్మన్ తెగల భయంతో ప్రజలే ఎన్నుకున్నారు. మరో సేనాని పాంపే క్రీ.పూ. 70లో ముప్ఫైఐదో ఏట, ఒక్క చిన్న పదవి కూడా చేయకుండా, సెనేట్ సభ్యుడైనా కాకుండా నేరుగా కాన్సుల్ అయ్యాడు. సెనేట్‌ను ఎలా సమావేశపరచాలో, ఏం మాట్లాడాలో తెలియక మిత్రుడు వర్రో చేత ఒక చిన్న కరదీపిక రాయించుకున్నాడు. అతని వెనుక సైన్యం ఉంది, అర్హత అదే. క్రీ.పూ. 52లో అదే పాంపే తోడు లేకుండా ఒక్కడే కాన్సుల్ అయ్యాడు. ఏర్పాటు పుట్టిందే ‘ఒక్కడు వద్దు’ అని కదా!

ఇక సీజర్ చేతిలో పదవి బహుమానమైంది. క్రీ.పూ. 45 డిసెంబరు చివరి రోజున ఒక కాన్సుల్ హఠాత్తుగా చనిపోతే, మిగిలిన కొద్ది గంటలకు కనీనియస్ రెబిలస్‌ను కాన్సుల్ చేశాడు. సిసెరో అన్నాడు: ‘కనీనియస్ హయాంలో ఎవరూ భోజనం చేయలేదు. ఎంత అప్రమత్తుడో, పదవీకాలమంతా కంటి మీద కునుకే లేదు.’ నవ్వు వస్తుంది గాని, అదే ఉత్తరంలో మీరు చూస్తే కన్నీళ్లు ఆపుకోలేరని కూడా రాశాడు.

నాణేలపెట్టె:
ఇప్పుడు నా కుర్రవాళ్ల సంగతి చెప్పండి.

లాటిన్‌విద్యార్థి:
చెబుతాను, కాని వారి తాతగారితో మొదలుపెట్టాలి. ఆగస్టస్ పుట్టింది క్రీ.పూ. 63 సెప్టెంబరులో, అంటే సిసెరో కాన్సుల్‌గా ఉన్న ఏడాదిలోనే. క్రీ.పూ. 43 ఆగస్టులో, ఇంకా ఇరవై నిండకుండా, తను కాన్సుల్ అయ్యాడు. పదవి అడగడానికి సైనికులను సెనేట్‌కు రాయబారం పంపాడు. సెనేట్ తటపటాయిస్తుంటే ఒక సైనికాధికారి వస్త్రం తొలగించి కత్తిపిడి చూపించి, ‘మీరు చేయకపోతే ఇది చేస్తుంది’ అన్నాడని జీవితచరిత్రకారుడు సుయెటోనియస్ రాశాడు. ఆ డిసెంబరు 7న సిసెరో తల తెగింది, చంపవలసినవారి జాబితాకు ఆ యువకుడి ఆమోదం కూడా ఉంది.

తర్వాత ఆగస్టస్ క్రీ.పూ. 31 నుంచి 23 దాకా ఏటా తనే కాన్సుల్. క్రీ.పూ. 23లో ఆ పదవిని వదిలేసి, ట్రిబ్యూన్ కాకుండానే ట్రిబ్యూన్ అధికారాన్ని జీవితకాలానికి తీసుకున్నాడు. ఇక్కడే మెలిక ఉంది. ఏటేటా కాన్సుల్‌గా ఉంటే మిగిలిన కులీనులకు ఒకే స్థానం మిగులుతుంది, వారిలో కసి పెరుగుతుంది. కాబట్టి కుర్చీని వారికి వదిలి, కుర్చీలో ఉన్న శక్తిని తను తీసుకుపోయాడు. మళ్లీ రెండేసార్లు కాన్సుల్ అయ్యాడు: క్రీ.పూ. 5లో, క్రీ.పూ. 2లో. మొదటిది గేయస్‌ను, రెండోది లూషియస్‌ను పెద్దవాడిగా ఫోరంలోకి చేయి పట్టి తీసుకురావడానికి. అలా ప్రవేశపెట్టిన ప్రతివాడినీ సెనేట్, ప్రజలు కాన్సుల్‌గా ఎంపిక చేసి, బాధ్యత మాత్రం ఐదేళ్ల తర్వాత తీసుకోవాలన్నారు. ఈ మాట ఆగస్టస్ తన జీవితకార్యాల శాసనంలో స్వయంగా చెక్కించాడు. సిసెరో కాలంలో ఐదు నెలలుండే ‘కాబోయే’ గడువు ఈ పిల్లలకు ఐదేళ్లయింది. అధికారం లేని ఆ హోదా ఎందుకు ఎంచుకున్నారో గమనించండి. చట్టాన్ని పచ్చిగా తోసివేసినట్టు కనిపించకూడదు, వారసులెవరో లోకానికి తెలియాలి.

పాతరాతలు:
దీనికొక కట్టడం కూడా సాక్ష్యం చెబుతుంది. మార్స్ మైదానంలో ఓటర్లు వరుసల్లో నిలబడే దడికట్టు స్థలాన్ని పాలరాతితో మహా మండపంగా మార్చాలని సీజర్ తలపెట్టాడు. క్రీ.పూ. 26లో అగ్రిప్పా, అంటే ఈ ఇద్దరు పిల్లల కన్నతండ్రి, దాన్ని పూర్తిచేశాడు. ఓటుకు పూర్తి విలువ ఉన్న రోజుల్లో చెక్క దడుల మధ్య నిలబడ్డారు, విలువ పోయాక పాలరాయి వచ్చింది. అందులో కత్తియుద్ధాల ప్రదర్శనలు జరిగేవి. క్రీ.శ. 14లో ఆగస్టస్ తర్వాతి చక్రవర్తిగా టైబీరియస్ వచ్చాక ఎంపిక సెనేట్‌కు మారింది, ప్రజలు గొణుక్కోవడం తప్ప ఇంకేమీ చేయలేదని చరిత్రకారుడు టాసిటస్ అంటాడు. అదే అగ్రిప్పా పేరు రోములోని పాంథియన్ గుడి నుదుటి మీద నేటికీ ఉంది: ‘లూషియస్ కుమారుడు మార్కస్ అగ్రిప్పా, మూడోసారి కాన్సుల్, దీన్ని నిర్మించాడు’. ఇప్పుడున్న భవనం తర్వాతి కాలపు చక్రవర్తి హాడ్రియన్ నాటిది, పేరు మాత్రం పాతవాడిదే ఉంచారు.

కృష్ణాతీరం:
కాలిగులా చక్రవర్తి తన గుర్రాన్ని కాన్సుల్ చేశాడంటారు కదా? అది దీనికి పరాకాష్ఠ అనుకోవచ్చా?

తీర్పరి:
చేయలేదు. చేయాలనుకున్నాడని చెప్పుకునేవారని సుయెటోనియస్ రాశాడు, అంతే. పాలరాతి శాల, దంతపు తొట్టి ఉన్న గుర్రమే గాని కాన్సుల్ కాదు. అయితే ఆ వదంతి పుట్టగలిగిందంటేనే పదవి ఏ స్థితికి వచ్చిందో తెలుస్తుంది. అసలైన పరాకాష్ఠ క్రీ.శ. 190. కొమ్మోదస్ చక్రవర్తి కాలంలో క్లియాండర్ అనే మాజీ బానిస పదవులను అమ్మకానికి పెట్టగా, ఆ ఒక్క ఏడాదిలో ఇరవైఐదుమంది కాన్సుళ్లయ్యారు.

అల్పజ్ఞుడు:
అయినా ఎవరూ దాన్ని రద్దు చేయలేదా?

తీర్పరి:
చేయలేదు, అదే విచిత్రం. సంవత్సరానికి పేరు కావాలి కదా. సామాన్యుడు కాన్సుల్ అయిన చివరి ఏడాది క్రీ.శ. 541, కాన్‌స్టాంటినోపుల్‌లో జస్టీనియన్ ఏలుబడి. ఆ చివరివాడి పేరు బసీలియస్. ఆ తర్వాత పాతిక సంవత్సరాల దాకా తేదీలు ‘బసీలియస్ కాన్సుల్‌గా చేసిన తర్వాత ఇన్నో ఏడు’ అని వేసుకుంటూ పోయారు.

నాణేలపెట్టె:
అందరికీ కృతజ్ఞతలు. నేను అడిగినదాని కంటే ఎక్కువే దొరికింది. ఈ చర్చ చదివాక నాణెం చిత్రాన్ని మళ్లీ తీసి చూశాను. గేయస్ తన వంతు వచ్చేసరికి, క్రీ.శ. 1లో, తూర్పు సరిహద్దులో ఉన్నాడు, రోముకు దూరంగానే కాన్సుల్ అయ్యాడు. క్రీ.శ. 4లో ఆర్మీనియాలో తగిలిన గాయంతో లిసియాలో మరణించాడు. లూషియస్ అంతకు రెండేళ్ల ముందే, తన వంతు రాకుండానే, మసీలియాలో పోయాడు. (వెర్రెస్ పారిపోయిన ఊరు అదే కదా.) అక్కెనపల్లి నిధిలో ఆగస్టస్ నాణేలతో పాటు టైబీరియస్‌వి కూడా ఉన్నాయి, అంటే దాన్ని పాతిపెట్టింది క్రీ.శ. 14 తర్వాతే. అప్పటికి అన్నదమ్ములిద్దరూ పోయి కనీసం పదేళ్లు. ఆ నిధిలో కొన్ని నాణేల మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలి గీటు ఉంది. ఎందుకు పెట్టారన్నదాని మీద పండితులు తలో మాట అంటారు, అది ఇంకో రోజు అడుగుతాను. నేను చూస్తున్న చిత్రంలో మాత్రం వెనుకవైపు రాతకు దెబ్బ తగల్లేదు. లూషియస్ పక్కన ‘కాబోయే కాన్సుల్’ అన్న అక్షరాలు స్పష్టంగా చదవడానికి వీలుగానే ఉన్నాయి.